దేవుడి గూట్లో ఇంగ్లీషు

దేవుడి పటాల మధ్యనున్న ఫోనులో ఇద్దరు ఇంగ్లీషులో కూరగాయలు బేరమాడుతున్నారు. ఎదుట అగరొత్తి వెలుగుతోంది.

"హారతి కూడా ఇచ్చావా సుందరీ?" అన్నాడు పొరుగింటి రిటైర్డు ఫిజిక్సు మాస్టారు శ్యామసుందర్.

"నవ్వకండి మాస్టారూ. రేపు సాల్ట్ లేక్‌లో ఓ ఆఫీసులో మా పుష్పకి ఉజ్జోగం ఇంటర్వ్యూ. సెవిలో పడతా ఉంటే ఇంగ్లీషు అదే వచ్చేస్తాదని కోచింగ్‌లో పాఠం సెప్పే దాదా సెప్పాడు. అందాకా పిల్లని మాటాడొద్దన్నాడు."

"రేడియో పక్కన పడుకున్న పిల్లి ఎప్పుడైనా పాట పాడిందా?"

గూటి ముందు కూర్చుని వింటున్న సుందరి కూతురు పుష్పరాణి మౌనం విడిచింది.

"వాళ్లేటంటన్నారో అంతా తెలుస్తాది మాస్టారూ. బదులు సెప్పడానికే నోరు రాదు. మీరు రోజూ వచ్చి నవ్వుతారే గానీ, నాతో ఒక్క ఇంగ్లీషు ముక్క మాటాడారా?"

శ్యామసుందర్ కుర్చీ పుష్ప ఎదుటికి లాక్కుని, పేరేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

సుందరి చేయి చాచి ఫోను ఆపేసింది.