అగరుబత్తి ఆరేదాకా

“మొదటి రోజు ఫ్రీ అని బోర్డు పెట్టినవ్ కదా, నేర్పు!” అంటూ ఎల్లయ్య దబీర్‌పురాలోని కుంగ్‌ఫూ క్లాసులోకి చొరబడ్డాడు.

“పేడ కాళ్లతోని లోపలికొస్తవా? నికల్!” మాస్టర్ జుల్ఫికర్ గర్జించాడు. గోడ అవతలి ఎల్లయ్య బర్రెల కొట్టం ఎత్తేయించమని అర్జీ రాసింది ఆయనే. అది బల్ల మీదే ఉంది. రేపు మున్సిపల్ ఆఫీసుకు పోతుంది.

“నీకంటే ఎక్కువసేపు నిలబడితే ఆ కాయితం చింపుతవా?”

శిష్యులు పగలబడి నవ్వారు. జుల్ఫికర్ అగరుబత్తి వెలిగించాడు.

“ఇది ఆరేదాకా గుర్రం మీద కూసున్నట్టు మోకాళ్లు వంచి ఉండాలె. ఇరవై ఏండ్ల సంది నేర్పుతున్న. నీతోని ఐదు నిమిషాలు గూడ గాదు.”

ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్లు వంచారు.

బత్తి సగం కాలేసరికి జుల్ఫికర్ తొడలు వణికాయి. ఎల్లయ్య కదల్లేదు.

“ఎవరు నేర్పిన్రు?” మాస్టర్ పళ్లు బిగించి అడిగాడు.

“నలభై ఏండ్ల సంది మోకాళ్ల నడుమ బకెట్ ఇరికిచ్చి పాలు పిండుతున్న. ఇప్పుడు గా బకెట్ నిండుతలేదు. మీరంతా హా, హూ అని అరుస్తుంటే బర్రెలు బెదిరి పాలిస్తలేవు. నేనెన్నడన్న మీ మీద అర్జీ రాసిన్నా?”

జుల్ఫికర్ మోకాలు నేలకు తగిలింది. ఆయన లేచి కాగితం చింపేశాడు.

“పో. కాళ్లు కడుక్కోకుండ మళ్ల రాకు.”

ఎల్లయ్య గడప దాటాక శిష్యులు వరుస కట్టారు. మొదటి గుద్దుకు అరవబోతూ నోళ్లు తెరిచారు.

“చుప్!” అన్నాడు జుల్ఫికర్. “నోరు మూసుకోని కొట్టుండ్రి.”

పిడికిళ్లు నిశ్శబ్దంగా లేచాయి. గోడ అవతల ఎల్లయ్య భార్య రాజమణి పితుకుతున్న పాలధార బకెట్‌లో మోగడం ఆ గదిలో తొలిసారి వినిపించింది.