లోపల మనిషి ఉంటే మార్కులెక్కువ

గొంతు గుర్తుపట్టి తెరుచుకునే స్మార్ట్ తలుపు, ధర్మారావు ఎంత పిలిచినా తెరుచుకోలేదు. లోపల మంచంలో ఉన్న తల్లికి ఇన్సులిన్ వేసే వేళ దాటిపోతోంది.

సైబర్ కాపలా ఉద్యోగానికి డిగ్రీ చాలదు, అనుభవం కావాలంటున్నారు. అందుకని కోచింగ్ సెంటర్లు పిల్లల చేత జనం ఇళ్లే హ్యాక్ చేయించి ప్రాక్టికల్స్ అంటున్నాయి.

“మీ క్లాసులో ఏ వెధవ పనే ఇది?” అని కూతురి మీద అరిచాడు.

హైమ ఫోన్లోంచి తలెత్తలేదు. “నేనే నాన్నా. పక్కిల్లయితే కేసు పెడతారు.”

“లోపల నానమ్మ ఉందే!”

“మనిషి ఉంటేనే మార్కులెక్కువ. నువ్వింకాస్త గట్టిగా కేకలెయ్యి, రికార్డవుతోంది. తర్వాత తీస్తాలే.”

ధర్మారావు తుపుక్కున ఉమ్మేసి, కిటికీ అద్దం పగలగొట్టడానికి రాయి అందుకున్నాడు.

“వద్దు నాన్నా, నువ్వు లోపలికెళ్తే నేను ఫెయిలవుతాను!”

ఆ మాట విన్నాక ఇంకా బలంగా విసిరాడు.