ఒక్కరోజు కూడా పని చెయ్యని మనిషి

"అది క్లయింట్లు కూర్చునే కుర్చీ అండీ. మీరు ఆ బెంచీ మీద కూర్చోండి," అంది వెర్నెల్.

ముసలావిడ లేచి బెంచీ మీద కూర్చుంది. అరవై ఐదేళ్ళుంటాయి. ఏ ఇంట్లోనో పని ముగించుకుని తిన్నగా వచ్చినట్టుంది, కోటు కింద తెల్ల ఏప్రన్ కనిపిస్తోంది.

వెర్నెల్ ఆ ఏడాదే లా పూర్తిచేసింది. అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లోని ఆ లాయరాఫీసులో టైపు కొట్టకుండా బల్ల వెనక కూర్చునే నల్లజాతి ఆడపిల్ల ఆమె ఒక్కతే. గదిలోని తెల్ల టైపిస్టులు తనని ఎప్పుడూ గమనిస్తూనే ఉంటారని ఆమెకు తెలుసు.

"ఏం పనిమీద వచ్చారు?"

"మోటార్ల ఫ్యాక్టరీ కేసు మీరే చూస్తున్నారట కదా, తల్లీ. నా పేరు ఓజెల్లా ప్రూయిట్."

"మీరు ఆ ఫ్యాక్టరీలో చేశారా?"

"లేదు."

"ఎప్పుడైనా? కొన్నాళ్ళు?"

"ఒక్కరోజు కూడా చెయ్యలేదు."

వెర్నెల్ పెన్ను కింద పెట్టేసింది.

"మరి కేసుతో మీకేం సంబంధమండీ?"

"అదే చెబుదామని..."

ఫోను మోగింది. మాట్లాడటం అయ్యేసరికి పావుగంట పట్టింది. ఈలోగా ఆవిడ బస్సు వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

ఆ కేసు ఐదుగురు నల్లజాతి ఆడవాళ్ళది. ఫ్యాక్టరీలో ఉద్యోగాల కోత పడింది. చివర చేరినవాళ్ళు ముందు పోవాలన్నారు. వీళ్ళ జాతి ఆడవాళ్ళను పంతొమ్మిది వందల అరవై ఎనిమిది దాకా గేటు లోపలికే రానివ్వలేదు, అందుకని ఒక్కరు కూడా మిగలకుండా అందరూ పోయారు.

"మేము ఆడవాళ్ళకి ఉద్యోగాలిచ్చాం," అంది కంపెనీ. ఆఫీసులో ఉన్న తెల్ల ఆడవాళ్ళను చూపించింది.

"నల్లవాళ్ళకీ ఇచ్చాం." కొలిమి షెడ్డులో ఉన్న మగవాళ్ళను చూపించింది.

అర్లీన్ అని, ఆ ఐదుగురిలో పెద్దది, ముగ్గురు పిల్లల తల్లి, ఆ మాట విని నవ్వింది.

"నాలో ఏ సగం నల్లదో, ఏ సగం ఆడదో చెప్పమంటారా? ఉండండి, ఇంటికెళ్ళి అద్దంలో చూసుకునొస్తాను."

కేసు వాదిస్తున్న పెద్ద లాయర్ బ్రాడ్నాక్స్ మాత్రం నవ్వలేదు. "అరవై ఎనిమిదికి ముందు ఒక్క నల్లజాతి ఆడమనిషి కూడా ఉద్యోగం అడగడానికి రాలేదంటున్నారు వాళ్ళు. వచ్చారనీ, వెళ్ళగొట్టారనీ చెప్పే మనిషి ఒక్కరు దొరికితే చాలు."

వెర్నెల్ నెల రోజులు వెతికింది. పాత పత్రికలు తిరగేసింది. యూనియన్ ఆఫీసుకు వెళ్ళింది. ఎవరూ దొరకలేదు.

ఓజెల్లా ప్రూయిట్ ఇంకోసారి వచ్చింది. ఆవేళ వర్షం. బూట్లలోంచి నీళ్ళు కారి నేలంతా మడుగైంది. ఒక టైపిస్టు ఇంకొకామె వంక చూసి కనుబొమలెగరేసింది.

వెర్నెల్‌కి ముఖం చెల్లలేదు. గబగబా లేచి ఎదురెళ్ళింది.

"ఈ కేసు గెలిచినా మీకేమీ దక్కదండీ. అందరూ వచ్చి అడుగుతున్నారు, అందుకే ముందే చెబుతున్నాను."

"నాకేం దక్కుతుందిలే ఇప్పుడు. నేను చెప్పేది నువ్వు రాసుకుంటే చాలు."

"ఆ ఫ్యాక్టరీ సంగతి స్వయంగా తెలిసినవాళ్ళ మాటే మాకు కావాలి. మీరు అక్కడ ఒక్కరోజు కూడా చెయ్యలేదన్నారుగా."

"చెయ్యలేదు. అందుకే..."

"నాకు కోర్టు టైమవుతోంది. ఏమీ అనుకోకండి."

ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంది.

"వెళ్ళు తల్లీ. తడవకుండా వెళ్ళు."

మళ్ళీ రాలేదు.

వసంతంలో తీర్పొచ్చింది. ఆడవాళ్ళకు అన్యాయం జరిగిందనడానికి లేదు, నల్లవాళ్ళకు జరిగిందనడానికీ లేదు, రెండూ కలిపి మూడో వర్గాన్ని పుట్టించడం కోర్టు పని కాదు అన్నాడు జడ్జి. అరవై ఎనిమిదికి ముందు ఈ స్త్రీలలాంటి వారెవరైనా ఉద్యోగం కోరినట్టు సాక్ష్యమే లేదని కూడా రాశాడు.

అర్లీన్ ఇల్లు ఖాళీ చేసింది. పిల్లల్ని తీసుకుని అలబామాలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. బస్టాండులో వెర్నెల్ చెయ్యి పట్టుకుని, "నువ్వు చెయ్యగలిగింది చేశావులే," అంది.

అప్పీలు గడువు కూడా దాటిపోయిన తరువాత, నల్ల దుస్తుల్లో ఒకామె ఇంటి కాగితాల పనిమీద ఆఫీసుకొచ్చింది. తన పేరు జెరల్డీన్ అని చెప్పింది. బల్లమీద పేరు చూసి ఆగింది.

"వెర్నెల్ అంటే మీరేనా? మా పిన్ని ఓజెల్లా మీ గురించి తెగ చెప్పేది. మన పిల్ల లాయరాఫీసులో బల్ల వెనక కూర్చుంటోందని చర్చిలో అందరితో చెప్పుకుని మురిసిపోయింది."

"ఆవిడ ఎలా ఉన్నారు?"

"పోయి మూడు వారాలైంది. ఇంతకీ కోర్టులో ఏమని చెప్పిందండీ? అడిగితే ఎప్పుడూ మాట దాటేసేది."

"ఆవిడ... కోర్టుకు రాలేదు. దేని గురించి చెబుతానన్నారు?"

జెరల్డీన్ ఆశ్చర్యంగా చూసింది.

"అదేంటి, మీకు చెప్పలేదా? ఆఫీసులో ఆడవాళ్ళు కావాలిగానీ నువ్వు నల్లదానివి, షెడ్డులో నల్లవాళ్ళు కావాలిగానీ నువ్వు ఆడదానివి అని ఆ ఫ్యాక్టరీవాళ్ళు తిప్పి పంపిస్తుంటే, నలభై మూడు నుంచి అరవై ఏడు దాకా ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఆ గేటు ముందు నిలబడి ఉద్యోగం అడిగింది మా పిన్నే కదండీ."