టముకు వినబడని వీధి

ఓబయ్య బజారు వీధిలో టముకు వేయలేదు. అందువల్లే అనసూయమ్మ చనిపోయింది.

నంద్యాల బస్సులో పక్కన కూర్చున్న మనిషికి శేషయ్య ఈ రెండు ముక్కలే చెప్పి కిటికీ వైపు తిరిగాడు. ఆ మనిషి ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని తలూపాడు. యాభై ఏడో సంవత్సరం అది. ఫ్లూ జ్వరం దూరని ఇల్లు లేదు. ఎవరు దగ్గినా బస్సంతా అటు చూసేది.

అదే బస్సులో వెనక మెట్టు దగ్గర ఓబయ్య నిలబడి ఉన్నాడు. ఆళ్లగడ్డకు ఏ సర్కారు ఉత్తర్వు వచ్చినా వీధి వీధికీ తిరిగి టముకు కొట్టి చాటేది అతనే. ఇరవై ఏళ్లుగా అదే పని. ఈ రోజు నంద్యాల కోర్టులో, శేషయ్య మీది కేసులో సర్కారు తరఫు సాక్షి.

జ్వరాలు తగ్గేదాకా కాఫీ హోటళ్లు, తినుబండారాల అంగళ్లు, టూరింగు టాకీసు మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత కూడా శేషయ్య కాఫీ హోటలు నాలుగు రోజులు తెరిచే ఉంది. లోపల పొయ్యి దగ్గర భార్య అనసూయమ్మ, బయట శేషయ్య. వచ్చినవాళ్లు దగ్గుతూనే ఇడ్లీలు తిని పోయారు. ఐదో రోజు శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపులు వేయించి, కేసు రాశాడు. ఆరో రోజు అనసూయమ్మ మంచం పట్టింది. పన్నెండో రోజు పోయింది.

కోర్టు వరండాలో ప్లీడరు జ్ఞానప్రకాశం కాగితాలు తిరగేశాడు. ఉత్తర్వును చావడి గోడకు అంటించారట. శేషయ్య అటువైపు పోలేదు కాబట్టి దానితో భయం లేదన్నాడు. భయమంతా టముకుతోనే.

“విని కూడా తెరిచినావని తేలితే జైలు. లైసెన్సూ పోతాది. నీకు వినబడల్యా, అంతే కదా?”

“వినబడల్యా.”

సోడా అంగడి రంగయ్య, మిఠాయి అంగడి సుబ్బయ్య కూడా తమకు వినబడలేదనే చెప్పడానికి వచ్చారు. వాళ్ల మీదా ఇదే కేసు. ప్లీడరు వాళ్ల పేర్లు చూసి పెదవి విరిచాడు. వీళ్ల మాట జడ్జి నమ్మడం కష్టమన్నాడు. ఓబయ్య గట్టిగా నిలబడితే ముగ్గురూ జైలుకే.

“వాడు అబద్ధాలాడే మనిషేనా?”

శేషయ్య కోర్టు గుమ్మం దగ్గర నిలబడ్డ ఓబయ్య వైపు చూశాడు. తర్వాత, “కాదు,” అన్నాడు.

“మరి నేనేం అడగల్ల?”

“ఆ పొద్దు వానికి జొరం. అది అడుగు సామీ.”

ప్లీడరు కలం తీసి రాసుకున్నాడు.

లోపల పిలుపు వచ్చింది. బోనులో ఓబయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా తిరిగి టముకు వేశానని సర్కారు వకీలు అడిగినదానికి చెప్పాడు.

ప్లీడరు లేచాడు.

“ఆ పొద్దు నీకు జొరముండెనా, ఓబయ్యా?”

“ఉండె దొరా. ఒళ్లు కాలిపోతాండె.”

“ముందు ఏ వీధికి పోయినావు?”

ఓబయ్య ఒక వీధి పేరు చెప్పాడు. కాదంటూ మరో వీధి పేరు చెప్పాడు. మూడోసారి అడిగితే మళ్లీ మొదటి పేరే చెప్పాడు.

“బజారు వీధిలో నువ్వు టముకు కొట్టింది ఒక్కరూ వినల్యా. అంగళ్లోళ్లంతా అదే చెప్తాండారు. పెండ్లాం పోయిన మనిషి కూడా అదే చెప్తాండాడు. ఆ వీధిలో వేసినట్టు నీకు బాగా గుర్తుందా?”

ఓబయ్య శేషయ్య వైపు చూశాడు. శేషయ్య కళ్లు తిప్పుకోలేదు. కోర్టులో ఎవరో దగ్గారు. ఎంతకీ ఆపలేదు.

“వేసినాననే అనుకున్యా దొరా,” అన్నాడు ఓబయ్య చివరికి. “ఇంతమంది ల్యాదంటాండారు. శేషయ్యప్ప భార్యను పోగొట్టుకోని ల్యాదంటాండాడు. నాకేమో ఆ పొద్దు కండ్లు తిరుగుతాండె. వేయల్యాదేమో.”

కేసు కొట్టేశారు.

ఆ వారమే ఓబయ్య పని పోయింది. ఉత్తర్వు చాటలేదని కోర్టులో తానే ఒప్పుకున్న మనిషిని ఎవరుంచుకుంటారు? వీధిలో కనబడితే రంగయ్య ఊరుకునేవాడు కాదు. “ఓబయ్యా, నీ టముకు కంటే మా సోడాకాయే గట్టిగా మోగుతాది,” అనేవాడు. అంగళ్లవాళ్లు నవ్వేవారు. శేషయ్య నవ్వలేదు, రంగయ్యను వారించనూ లేదు.

ఉత్తర్వు ఎత్తేశాక శేషయ్య హోటలు తెరిచాడు. పొయ్యి దగ్గర ఇప్పుడు తానే. ఒకరోజు మధ్యాహ్నం ఓబయ్య పెరటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. శేషయ్య పలకలేదు. మరుసటి వారం మళ్లీ వచ్చాడు. అప్పుడూ పలకలేదు.

మూడోసారి వచ్చి గుమ్మం అవతల కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

“పని పోయిందానికి కాదప్పా నేనొచ్చింది. ఆ పొద్దు ఈ వీధికి నేను రాల్యాదంటే మరి యాడికి పోయింటి? రేయింబగళ్లు అదే ఆలోచన. టముకు శబ్దం చెవుల్లో ఉండాది, వీధి మాత్రం కండ్లకు అగపడ్డం ల్యా. నేనొచ్చింటే నువ్వు హోటలు మూసిండేవానివి. అమ్మ బతికిండేది. అమ్మను సంపింది నేనే.”

శేషయ్య పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

“తిట్టప్పా. చెప్పుతో కొట్టు. ఏదో ఒకటి మాట్లాడు. ఇట్లయితే నేను బతకలేను.”

శేషయ్య లేచాడు. ముందు వాకిలి దాకా పోయి, హోటల్లో ఎవరూ లేరని చూసుకుని తిరిగి వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు కానీ ఓబయ్య మొహం చూడలేదు.

“ఆ పొద్దు నీ టముకు నేను విన్యా ఓబయ్యా, ఇంగ సచ్చేదాకా ఎవరి ముందరా ఆ మాటెత్తను.”