పుట్టిల్లు మలుపు తిరిగిన రాత్రి

నూరేళ్ల నాటి మా పుట్టింటిని కూల్చకుండా, పునాదుల నుంచి ఎత్తి ట్రెయిలర్ మీద వేరే స్థలానికి తరలిస్తున్నారు. దారిలో గోడ బీటవారితే మాత్రం కూల్చేయాల్సిందేనని మున్సిపాలిటీ షరతు. ఖాళీ ఇంటికి తాళం వేసి, నడిరాత్రి దాని వెనకే నడిచాం.

"ఆడపిల్లని సాగనంపడం చూశాను గానీ, పుట్టింటినే సాగనంపడం ఇదే మొదటిసారోయ్," అన్నారు మావారు.

ఇరుకు మలుపులో బండి ఠక్కున ఆగింది. కాస్త వెనక్కి వెళ్లి, మెల్లగా తిరిగింది. గోడ చెక్కుచెదరలేదు.

డ్రైవర్ దిగొచ్చి నాకు దండం పెట్టాడు. "మీరు 'ఆగు నాయనా' అని అరిచారు కాబట్టి సరిపోయింది. లేకపోతే గోడ కరెంటు స్తంభానికి కొట్టుకునేదమ్మా!"

నేను నోరే తెరవలేదు. అయినా గండం గడిచింది కదా అని, "హమ్మయ్య" అన్నాను.

తాళం వేసిన ఇంట్లోంచి కూడా ఎవరో "హమ్మయ్య" అన్నారు.