త్యాగరాజు గారి డిశ్చార్జి

"రేపు కుదరదు దాదా. ఇయాలే సూడాల. ఇయాలే రాయాల."

భవానీపూర్ నర్సింగ్ హోంలో సన్యాసమ్మ డాక్టర్ మృత్యుంజయ సేన్ దారికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్ళు. మంచం మీద త్యాగరాజు దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు.

ఇంటికి పంపే ముందు డాక్టరు రోగిని నడిపించి, మెట్లెక్కించి, సరేనని రాసివ్వాలి. ఆ పని రేపు, రేపు అంటూ వాయిదా పడుతోంది. ఆ రేపు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

"అంత తొందరేమిటమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఈ బాబు ఇయాల బయటికి రాపోతే మా ఇళ్ళల్లో పొయ్యి రాజదు."

డాక్టరు కాస్త మెత్తబడ్డాడు. "కానీ కళ్ళు తిరుగుతున్నాయని ఆయనే అంటున్నారే!"

"అవునండీ," మూలిగాడు త్యాగరాజు. "ఇంకో రెండ్రోజులు ఉండనివ్వండి."

"ఏటి తిరిగేది? మా తవిటమ్మ తెచ్చిన ఇడ్లీలన్నీ తిన్నారు. మీ అంతట మీరే బాత్రూంకి ఎల్లొచ్చారు. నాను సూడనేదా బాబూ?"

నర్సు నవ్వాపుకుంది. త్యాగరాజు భార్యాపిల్లలు విశాఖపట్నంలో ఉన్నారు. చేరినప్పటి నుంచీ ఈ ఆడవాళ్ళే వంతులేసుకుని కనిపెట్టుకుని ఉన్నారు. సొంతవాళ్ళు కూడా ఇలా చూడరని ఆ నర్సు వార్డంతా చెబుతోంది.

"నాకింకా చాలామంది రోగులున్నారు. తప్పుకోకపోతే గేటు దగ్గర దర్వానును పిలుస్తాను."

"పిలవండి. ఆడికీ ఇదే సెబుతాను." సన్యాసమ్మ గుమ్మంలో చతికిలబడింది. "ఈ బాబుని సూసేదాకా నాను లెగను. ఏటి సేసుకుంటారో సేసుకోండి!"

మిగతా నలుగురూ పక్కనే కూర్చున్నారు. ఇక డాక్టరుకు దారి లేదు.

బీపీ చూశాడు. వరండాలో నడిపించాడు. త్యాగరాజు ఒకసారి తూలబోయి, సన్యాసమ్మ చూపు తగిలి సర్దుకున్నాడు. మెట్లెక్కాడు, దిగాడు.

"భేషుగ్గా ఉన్నారు. వెళ్ళొచ్చు," అంటూ డాక్టరు సంతకం చేశాడు. ఆ నలుగురిలో నరసమ్మ కళ్ళొత్తుకుంది. తవిటమ్మ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "మీవాళ్ళు గట్టివాళ్ళు, మీరు అదృష్టవంతులు," అని నర్సు ఆయన్ను సాగనంపింది.

ట్యాక్సీ తిన్నగా మునిసిపల్ ఆఫీసు ముందు ఆగింది. ఆడవాళ్ళు ఆయన్ను జాగ్రత్తగా లోపలికి నడిపించుకెళ్ళి, ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టి, ఫ్యాను వేశారు.

తర్వాత, తమను వీధులూడ్చే పనిలోంచి తీసేసి రేపు బదిలీ మీద వెళ్ళిపోతున్న ఆ ఆఫీసరు చుట్టూ బైఠాయించి, సోమవారం ఆయన స్పృహ తప్పడంతో ఆగిపోయిన ఘెరావ్‌ను మళ్ళీ మొదలుపెట్టారు.