పూర్తి చుట్టు

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేనాటికి ఇనుప సామాన్ల వ్యాపారి దగ్గరున్న సరుకు ఇంతే: రెండు చంకకర్రలు, కాల్లో ఒక కడ్డీ, ఎనిమిది మరలు, గోడకు వేలాడుతున్న సైకిలు.

"ముప్పై ఏళ్ళు కొట్లో మరలు అమ్మారు. ఇప్పుడు కాల్లోనే గోదాము పెట్టారు," అంది భార్య.

ఆమెకి హాస్యంగానే ఉంది. అతనికి ప్రాణం మీదికి వచ్చింది. పొద్దున్నే సైకిలు మీద ఊరు చుట్టి వస్తే తప్ప అతనికి తెల్లవారినట్టుండదు.

డాక్టరు గడువు పెట్టాడు.

"ఆరు వారాల్లో వ్యాయామ సైకిలు పెడల్ పూర్తి చుట్టు తిరగాలి. లేదంటే మోకాలు అలాగే బిగుసుకుపోతుంది. ఇక సైకిలు మాట మర్చిపోండి."

ఫిజియోథెరపీ గదిలో ఉన్నది ఒక్కటే సైకిలు. మొదటిరోజు పెడల్ సగం దాకా వచ్చి ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ తోశాడు. మళ్ళీ అక్కడే.

మూలన స్టూలు మీద గళ్ళ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు అదే పనిగా చూస్తున్నాడు. లేచి నడిస్తే కాస్త కుంటు. మన బాపతే అనుకున్నాడు వ్యాపారి.

మూడోరోజు వెళ్ళేసరికి గళ్ళ చొక్కా సైకిలెక్కి గిర్రున తిప్పుతున్నాడు. పూర్తి చుట్టు. ఒకటి కాదు, ఇరవై.

వ్యాపారి చంకకర్రలు టకటకలాడిస్తూ దగ్గరికెళ్ళాడు.

"కాలు విరిగి ఎన్నాళ్ళయింది మీకు?"

"చాలా కాలమైందండీ." అతను దిగి సీటు తుడిచాడు. "రండి, మీకూ తిరుగుతుంది."

"జోస్యం కూడా చెప్తారా?"

ఆ రోజు తిరగలేదు. తొమ్మిదోరోజు తిరిగింది. వ్యాపారి గర్వంగా మూలకి చూశాడు. గళ్ళ చొక్కా నవ్వుతున్నాడు.

పదోరోజు పెడల్ మళ్ళీ పట్టేసింది.

"వాడి దిష్టే," అన్నాడు ఇంటికొచ్చి. "నిన్న నవ్వాడు, ఇవాళ నా కాలు ఆగింది."

"పాపం, ఆయనేం చేశాడండీ?"

"నాకంటే ముందెళ్ళి ఎక్కి కూర్చుంటాడు. వ్యాయామం చేయించే అమ్మాయి మంచినీళ్ళు కూడా ముందు అతనికే ఇస్తుంది."

"నీళ్ళ దగ్గర కూడా పోటీయేనా?"

పోటీయే. గళ్ళ చొక్కా తిప్పిన చుట్లు లెక్కపెట్టి, రెండు ఎక్కువ తిప్పితే గాని వ్యాపారి దిగేవాడు కాడు. కష్టపడి లొంగదీసుకున్న పెడల్, వారం తిరక్కుండానే మళ్ళీ మొరాయించేది. అతను మళ్ళీ పళ్ళు బిగించి తొక్కేవాడు.

ఈలోగా ఒక వింత జరిగింది. గళ్ళ చొక్కా తగ్గిపోతూ వచ్చాడు. మూడో వారం ఒళ్ళంతా పక్కకి ఒరిగి తొక్కాడు. నాలుగో వారం సగం చుట్టులో ఆగిపోయాడు. ఐదో వారం సైకిలెక్కడమే మానేసి, పక్కన వంగి పెడల్ చేత్తో తిప్పి చూసి వదిలేశాడు.

ఆ పూట వ్యాపారికి భోజనం రుచిగా ఉంది.

మర్నాడు అడిగేశాడు. "ఏంటండీ, మొదట్లో గుర్రంలా పరిగెత్తారు, చతికిలబడ్డారేం?"

"నా చుట్టు అంతేనండీ."

అతను వంగినప్పుడు జేబులోంచి పానా జారి కిందపడింది.

"ఓహో! పెడల్ బిగించేస్తున్నది నువ్వా? నీకు తిరగట్లేదని నాకూ తిరక్కూడదా?"

గళ్ళ చొక్కా ముఖం చిన్నబోయింది. పానా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంక ముట్టుకోనండీ. పని కూడా అయిపోయింది."

ఆ తర్వాత రాలేదు. ఓర్వలేక పారిపోయాడనుకున్నాడు వ్యాపారి.

ఆరో వారం చివర పెడల్ ఎక్కడా పట్టకుండా తిరిగింది. డాక్టరు సరేనన్నాడు. వ్యాపారి గోడ మీది సైకిలు దించి, నేరుగా ఫిజియోథెరపీ గదికే తొక్కుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, ఆ గళ్ళ చొక్కా వస్తే చెప్పు. నేను దీనిమీదే వచ్చానని."

"ఆయనింక రారు బాబాయ్. మిషన్లు బాగుచేసే మెకానిక్ ఆయన. మా దగ్గర రెండు రోజుల పని. మీ కోసం ఐదు వారాలు ఉండిపోయారు."

"నా కోసమా?"

ఆ అమ్మాయి వ్యాయామ సైకిలు పెడల్ ఉండే కడ్డీ చూపించింది. చివర పెడల్ బిగించి ఉంది. దానికి లోపలగా, వరసలో మూడు కొత్త బెజ్జాలు.

"పెడల్ లోపలి బెజ్జంలో ఉంటే చుట్టు చిన్నది. మోకాలు కొంచెం వంగినా చాలు. మీకు అలవాటైనప్పుడల్లా ఒక బెజ్జం బయటికి జరిపేవారు. ముందు తాను తొక్కి చూసి మీకిచ్చేవారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"'కొట్టు మనిషి, తక్కువ తూకం ఒప్పుకోడు. చిన్న చుట్టని తెలిస్తే చుట్టు కిందే లెక్కెయ్యడు' అన్నారు."

ముప్పై ఏళ్ళు ఇనుము చూసిన కళ్ళు అవి. ఎదుటివాడి కాలు మీదే ఉండిపోయి, తన పాదం కింది బెజ్జాలు చూడలేదు.

"ఎక్కడుంటాడు?"

"తెలీదు బాబాయ్. ఊరూరా తిరిగే పని."

"చివర్లో మరి తిప్పలేకపోయాడేం?"

ఆ అమ్మాయి చెప్పింది. వ్యాపారి ఆ మూడు బెజ్జాలు వేలితో తడిమి చూశాడు. బయటికొచ్చి సైకిలెక్కాడు. పెడల్ పైకొచ్చింది, దాటింది, దిగింది.

లెక్క చూసుకుంటే మిగిలిన లాభం ఆ ఒక్క పూర్తి చుట్టు. చిన్నప్పుడు విరిగిన కాలు సరిగా అతక్క, అంత పెద్ద చుట్టు తన జన్మలో తిప్పి ఎరగని మనిషి ఇచ్చి వెళ్ళిన చుట్టు అది.